నాన్నగారి కార్ఖానా ఫొటోలో చెత్తకుప్పలా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: మా నాన్నగారు నలభై ఏళ్లకు పైగా వడ్రంగం చేశారు. ఇంటి వెనుక రేకుల షెడ్డే ఆయన కార్ఖానా. చూపు మందగించి రెండేళ్ల క్రితం పని మానేశారు. ఈ వేసవిలో షెడ్డు తీసేసి అక్కడ గది కట్టాలని అన్నయ్య అంటున్నాడు. సామానంతా పాత ఇనుము కొనేవాడి బండి ఎక్కేలోగా ఫొటోలు తీసి దాచుకోవాలని నా ఆశ. రెండు ఆదివారాలు ఫోనుతో వందకు పైగా ఫొటోలు తీశాను. కంటికి ఎంతో అందంగా కనిపించే ఆ చోటు ఫొటోలో చెత్తకుప్పలా వస్తోంది. శుభ్రం చేసి, సర్ది తీయమంటారా? మంచి కెమెరా కొనాలా? మూడు ఫొటోలు జతచేశాను.
– ఒక పాఠకురాలు, మండపేట ప్రాంతం

జవాబు: కెమెరా కొనకండి. శుభ్రం అసలే చేయకండి. చాలా ఏళ్ల క్రితం మా మేనమామగారి సైకిలు షాపును ఫొటో తీయబోతూ, మంచి చేస్తున్నాననుకుని గోడన ఉన్న పనిముట్లన్నీ దించి, తుడిచి, వరుసగా పేర్చాను. ఆ ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో అమ్మకానికి పెట్టిన సామాను కనిపిస్తుందే తప్ప మా మామయ్య కనిపించరు.

మీ మూడు ఫొటోలూ గుమ్మంలో నిలబడి, ట్యూబులైటు వేసి, షెడ్డంతా ఒక్క ఫొటోలో పట్టాలని తీసినవి. మీ కన్ను ఆ షెడ్డులో తనకు కావలసినదాన్నే ఏరుకుంటుంది. చిన్నప్పుడు మీరు కూర్చున్న దుంగనూ, కొయ్యను నునుపు చేసే చిత్రికకు నాన్నగారి చెయ్యి అరగదీసిన పిడినీ చూసి, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ బకెట్టును వదిలేస్తుంది. కెమెరా బకెట్టుకూ చిత్రికకూ ఒకే విలువ ఇస్తుంది. కాబట్టి ఆ ఏరుకునే పని మీరే చేయాలి.

అందుకు నాకు తెలిసిన మంచి మార్గం ఒకటే. నాన్నగారిని ఆయన పని చేసిన చోటనే, అలవాటైన పీట మీద కూర్చోబెట్టండి. చెయ్యి చాపితే ఏమేమి అందుతాయో గమనించండి. బయటివాళ్లకు గందరగోళంగా కనిపించే ఆ సామాను నిజానికి ఆయన చేతి అలవాటును బట్టి అమరింది: రోజుకు పదిసార్లు పట్టే ఉలీ, కొయ్యసుత్తీ దగ్గరగా, వారానికి ఒకసారి తీసే పెద్ద రంపం గోడన, బండి చక్రాలు చేయడం మానేశాక అక్కరలేని చక్రపు ఆకులూ ఇరుసూ అటక మీద. మొదటి వరస ఫొటోలు ఆయన చెయ్యి అందేంత మేరలో తీయండి, రెండోది లేచి రెండడుగులు వేస్తే అందేవాటికి, అటక చివరిది. ఇలా తీస్తే ఫొటోల వరసలోనే ఆ పనిలోని క్రమం కనిపిస్తుంది, సర్దాల్సిన అవసరమే రాదు. చూపు మందగించినా ఆయన తడిమి చూసి ఏది ఏమిటో చెప్పగలరు కనుక, ఫోనులో ఆ మాటలు రికార్డు చేయండి. చెక్కే బాడిస, మూల సరిచూసే మూలమట్టం, రంధ్రం వేసే బరమా, అరగదీసే ఆకురాయి అని ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చెబుతున్నప్పుడు ఆ చేతులను కూడా తీయండి. మీ మూడు ఫొటోలలోనూ మనిషి చెయ్యి ఒక్కచోటా లేదు.

ఇక వెలుగు సంగతి. ట్యూబులైటు ఆర్పేయండి. కిటికీ వెలుగు ఒక రంగులో, ట్యూబు వెలుగు మరో రంగులో ఉండి రెండూ కలిస్తే కొయ్య ఒకవైపు నీలంగా, మరోవైపు ఆకుపచ్చగా వస్తుంది. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, మీ రెండో ఫొటోలో కనిపించే అడ్డచారలు అందువల్లే. ఉదయం ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చే వేళ ఒక్క తలుపో, ఒక్క కిటికీయో తెరచి, మిగతావి మూసేయండి. వెలుగు పక్కనుంచి వస్తే ఉలి దెబ్బల గుంటలు, సానరాయిలో అరిగిన పల్లం, గోడ మీద నాన్నగారు పెన్సిలుతో వేసుకున్న అడుగులు అంగుళాల లెక్కలు పైకి తేలతాయి. అదే వెలుగు ఎదురుగా పడితే ఇవన్నీ చదునుగా కనిపిస్తాయి. నీడవైపు మరీ చీకటిగా ఉంటే అటు పక్క ఉతికిన తెల్ల పంచె ఒకటి వేలాడదీయండి, చాలు.

ఫోనును చేతితో పట్టుకోకుండా ఏ పీట మీదో ఆనించి, టైమరు పెట్టి తీయండి. తెర మీద వేలు కాసేపు నొక్కి పడితే ఫోకస్ నిలిచిపోతుంది. తర్వాత తెర మీదే ఫొటో వెలుగును కొంచెం తగ్గించండి, ఎందుకంటే ఫోను చీకటి గదిని చూసి పగలు చేయాలని తాపత్రయపడుతుంది. దగ్గరగా వెళ్లి తీస్తే వస్తువు ముందుభాగం ఉబ్బినట్టు వస్తుంది కనుక, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి.

పనిముట్లను విడివిడిగా కూడా తీయాలనిపిస్తే అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ తీసినవి వెతికి చూడండి. 1955 జూలై ఫార్చ్యూన్ పత్రికలో ఆయన ఐదు మామూలు పనిముట్ల ఫొటోలు వేశారు: రేకు కత్తెర, తాపీ, పట్టకారు వంటివి. వెనుక వట్టి నేపథ్యం, మధ్యలో ఒక్క పనిముట్టు, కింద దాని ధర, అంతే. ఒక్కటే ఉంటే వంపు ఎంత బాగా కనిపిస్తుందో అక్కడ తెలుస్తుంది. అయితే ఎవాన్స్ తీసినవి దుకాణంలో ఎవరైనా కొనగల సరుకు. మీ నాన్నగారి చిత్రిక అలాంటిది కాదు, దాని పిడి మీద గుంట ఒక్క మనిషి అరచేతికే సరిపోతుంది. అందుకే ముందు దాన్ని ఉన్నచోట ఉన్నట్టుగా తీసి, తర్వాతే బల్ల మీదికి తెచ్చి తీయండి. దసరాకు పూజ చేసినప్పుడు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు వాటి మీద ఇంకా ఉంటే చెరిపేయకండి.

మరో మాట, మీరు అడగకపోయినా. అన్నయ్యగారిని షెడ్డు తీయడం ఆపమని అడగకండి, ఆయనకూ గది అవసరమే. బాడిసా చిత్రికా మాత్రం ఇనుము బండికి వేయకుండా ఉంచమనండి. వాటికి ఒక చిన్న అర సరిపోతుంది.

ప్రశ్న: మా తాతగారి ప్రెస్సులో కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషనూ, సీసపు తెలుగు అక్షరాల కేసులూ ఉన్నాయి. ఫొటో తీస్తే అక్షరాలు తిరగబడి వస్తున్నాయి. ఫోనులో తిప్పేయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అక్షరాలు నిజంగానే తిరగబడి ఉంటాయి, కాగితం మీద సరిగా పడటానికే అలా పోతపోస్తారు. అసలు ఫొటోను తిప్పకండి. చదువుకోవడానికి కావాలంటే ఒక నకలు తిప్పి పెట్టుకోండి. అంతకన్నా మంచిది, అక్షరాలు కూర్చి దారంతో కట్టి వదిలేసిన పేజీ ఏదైనా ఉంటే దాని కట్టు విప్పకుండా సిరా రాసి, కాగితం మీద ఒక ప్రూఫు (నమూనా అచ్చు) తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తీయండి. అది ఏ పెళ్లి శుభలేఖో అయితే మీ అదృష్టం. లోహం మెరుపు ఇబ్బంది పెడితే వెలుగు వచ్చేవైపు పల్చని తెల్ల కాగితం అడ్డం పెట్టండి. ఆ అక్షరాలు సీసం, యాంటిమొని, తగరం కలిపిన లోహంతో చేసినవి కనుక పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను వాటితో ఆడనివ్వకండి.

ప్రశ్న: పాత వస్తువులను నలుపు తెలుపులో తీస్తేనే అందమా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదు. తుప్పులోని ఎరుపు, టేకులోని తేనెరంగు నలుపు తెలుపులో పోతాయి. రంగులోనే తీసి, నకలును మార్చి చూసుకోండి, అసలును మాత్రం ముట్టుకోకండి.