కంకర రోడ్డుకు ఏ చక్రం?

చక్రాల సంగతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, బరువు 56 కిలోలు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అన్న తాను వాడిన సర్ఫ్‌స్కేట్‌ను, అంటే నిలబడి నడుము తిప్పుతూ నడిపే నాలుగు చక్రాల పలకను, నాకు ఇచ్చాడు. చక్రాల మీద 60 మి.మీ., 85ఎ అని ఉంది. మా వీధిది కంకర తేలిన తారు రోడ్డు. పది గజాలు పోయేసరికి అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. చిన్న రాయి తగిలినా బోర్డు ఆగిపోతోంది, నేను ముందుకు తూలుతున్నాను. మెత్తటి చక్రాలు కొనమని ఒకరు చెప్పారు, మెత్తటివి వేగంగా పోవని మరొకరు చెప్పారు. నేను ఏవి కొనాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీకు చెప్పిన ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరి రోడ్డు సంగతి వారు చెప్పారు. మీ రోడ్డును మాత్రం ఇద్దరూ చూడలేదు.

నేను స్కేటింగు నేర్పే గురువును కాను. కర్నూలులో 26 ఏళ్ళుగా బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్ళు అమ్ముతున్నాను. మా అబ్బాయి చెన్నైలో చదువుకునేటప్పుడు సముద్రం ఒడ్డున ఆడే స్నేహితులను చూసి ఒక సర్ఫ్‌స్కేట్ కొన్నాడు. ఉద్యోగం రాగానే దాన్ని మా ఇంటి అటక మీద పడేసి వెళ్ళిపోయాడు. బేరింగులు తుప్పు పట్టాయేమో చూద్దామని నేను కిందికి దించాను. అప్పటికి నాకు 47 ఏళ్ళు. ఆ బోర్డు మళ్ళీ అటక ఎక్కలేదు.

పాత చక్రాలు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి తెప్పించేటప్పుడు నాలోని వ్యాపారి ముందుకొచ్చాడు. గట్టివైతే ఎక్కువ కాలం మన్నుతాయి, చిన్నవైతే ధర తగ్గుతుంది అని లెక్క వేసి 56 మి.మీ., 90ఎ చక్రాలు తెప్పించాను. మా గోదాములో నడిపి చూశాను. అక్కడ పరచినవి పాలిష్ పట్టిన బేతంచెర్ల బండలు. బోర్డు నూనె రాసినట్టు సాగింది. మరునాడు తెల్లవారుజామున కె.సి. కాలువ పక్క రోడ్డు మీదికి తీసుకుపోయాను. శనగగింజంత రాయి అడ్డం వచ్చింది. చక్రం దాని దగ్గర ఆగింది, నేను ఆగలేదు. కుడి మణికట్టుకు ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ దుకాణంలో బిల్లులు మా ఆవిడ రాసింది. నేను మొహమాటానికి వదిలేసిన పాత బాకీలన్నీ అప్పుడే వసూలయ్యాయి, అది వేరే కథ.

గోదాములో పరీక్షించి రోడ్డు మీద నడపడమే నా తప్పు. మీ అన్న కూడా ఆ చక్రాలను ఏ నున్నటి నేల మీదనో వాడి ఉంటాడు.

చక్రం మీది రెండు అంకెల్లో మొదటిది వ్యాసం, రెండోది గట్టిదనం. ఎ అంటే షోర్ ఎ కొలత. ఆల్బర్ట్ షోర్ అనే ఆయన పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో ఒక మొనను పదార్థంలోకి నొక్కి, అది ఎంత దిగిందో చూసి 0 నుంచి 100 లోపు అంకె వేస్తారు. అంకె పెరిగిన కొద్దీ గట్టిదనం పెరుగుతుంది. మా వ్యాపారంలో ఆయిల్ సీళ్ళకూ ఇదే కొలత. మామూలు నైట్రైల్ సీలు 70 దగ్గర ఉంటుంది. వీధుల్లో గంతులు వేసే స్కేట్‌బోర్డు చక్రాలు 50 నుంచి 54 మి.మీ. ఉండి 99ఎ దరిదాపుల్లో ఉంటాయి. సర్ఫ్‌స్కేట్‌కు ఎక్కువగా వాడేవి 65 నుంచి 70 మి.మీ., 78ఎ నుంచి 82ఎ. మీ దగ్గరున్నవి ఈ రెంటికీ మధ్యలో ఎటూ కాకుండా ఉన్నాయి.

సర్ఫ్‌స్కేట్‌కు మెత్తటి చక్రాలు ఎందుకో దాని పుట్టుకను చూస్తే తెలుస్తుంది. 1996 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో గ్రెగ్ ఫాక్, నీల్ కార్వర్ అనే ఇద్దరు సర్ఫర్లు సముద్రంలో అలలు లేని రోజుల్లో నేల మీద అదే ఆట ఆడాలని దీన్ని తయారు చేశారు. (మన సీమలో అన్నీ అలలు లేని రోజులే కాబట్టి మనకంటే దీనికి అర్హులు ఎవరు?) చక్రాల ఇరుసును పలకకు బిగించే భాగాన్ని ట్రక్ అంటారు. సర్ఫ్‌స్కేట్ ముందు ట్రక్ అటూ ఇటూ బాగా తిరుగుతుంది. కాలితో నేలను తన్నే పని లేకుండా నడుమూ భుజాలూ తిప్పుతుంటే బండి సాగుతుంది. అంటే మీరు ప్రతి మలుపులోనూ చక్రాన్ని పక్కకు నొక్కుతున్నారు. ఆ నొక్కుడుకు చక్రం రోడ్డును పట్టుకుంటేనే బలం వేగంగా మారుతుంది, జారితే వృథా అవుతుంది. పట్టు కావాలంటే మెత్తదనం ఉండాలి.

ఇక మెత్తటివి వేగంగా పోవన్న మాట. నున్నటి నేల మీద అది నిజమే. మెత్తటి చక్రం మీ బరువుకు అణిగి, లేచి, మళ్ళీ అణుగుతుంది. ఆ పనిలో కొంత శక్తి పోతుంది. కంకర రోడ్డు మీద లెక్క తిరగబడుతుంది. గట్టి చక్రం ప్రతి కంకర మొన మీదికీ ఎక్కి దిగుతుంది. ఎక్కిన ప్రతిసారీ బోర్డునూ మిమ్మల్నీ కలిపి పైకి ఎత్తుతుంది. మీ అరికాళ్ళు జివ్వుమనడం అంటే మీ వేగం కాళ్ళలోంచి బయటికి పోతోందన్నమాట. మెత్తటి చక్రం ఆ మొనను తనలోకి తీసుకుని దాటిపోతుంది, మీరు ఎత్తుకు లేవరు. కాబట్టి మీ వీధిలో మెత్తటిదే వేగమైనది.

పెద్ద చక్రం మాత్రం ఎంత కాపాడుతుంది? ఒక సాయంత్రం బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాను. చక్రం ఏమాత్రం అణగదనుకుంటే, ఐదు మి.మీ. ఎత్తున్న రాయిని ఎక్కడానికి 60 మి.మీ. చక్రానికి తాను మోసే బరువులో సుమారు 66 శాతం బలం ముందుకు కావాలి. 70 మి.మీ. చక్రానికి సుమారు 60 శాతం చాలు. ఎద్దుల బండికి నిలువెత్తు చక్రాలు ఎందుకు పెట్టేవారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే మనకు తేడా పదో వంతే వచ్చిందని గమనించండి. వ్యాసం పెంచి గట్టిదనం అలాగే ఉంచితే మీ బాధ కొంచెమే తగ్గుతుంది. నన్నడిగితే మీకు గట్టిదనం తగ్గించడమే ముఖ్యం, పరిమాణం తరువాతి మాట.

కాబట్టి 69 లేదా 70 మి.మీ., 78ఎ తీసుకోండి. చక్రం అంచు గుండ్రంగా కాకుండా కోసినట్టు ఉన్నది, నేలకు ఆనే వెడల్పు కాస్త ఎక్కువగా ఉన్నది చూడండి. గుండ్రటి అంచు జారడానికి, కోసినట్టున్న అంచు పట్టడానికి. ఇంకా మెత్తవి, 75ఎ లాంటివి కనిపిస్తే ఆశపడకండి. చక్రాలు చేసే పాలియురెథేన్ వేడికి మరింత మెత్తబడుతుంది. మే నెల అనంతపురంలో గాలే 40 డిగ్రీలు దాటుతుంది, తారు అంతకన్నా కాలుతుంది. ఉదయం ఏడు లోపు ఆడితే 78ఎ తన అంకెకు తగ్గట్టు ఉంటుంది.

అంకెలు ఒకటే అయినా అన్ని చక్రాలూ ఒకటి కావు. నేను చేసే పరీక్ష ఒకటుంది. చక్రాన్ని మోకాలి ఎత్తు నుంచి బండ మీద వదలండి. బంతిలా లేస్తే మంచి సరుకు. ధబ్బుమని పడి ఊరుకుంటే అణిగిన తరువాత తిరిగి లేచే చురుకు దానిలో లేదు, రోడ్డు మీద మీ కాళ్ళను అలసటపెడుతుంది. దుకాణదారు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. మా దుకాణానికి వచ్చి బేరింగును చెవి దగ్గర పెట్టుకుని తిప్పి వినేవాళ్ళను నేను ఏమీ అనను, వాళ్ళే అసలైన కొనుగోలుదారులు.

చక్రం 60 నుంచి 70కి పెరిగితే బోర్డు 5 మి.మీ. ఎత్తు పెరుగుతుంది. మొదటి రోజు కాస్త ఊగినట్టు ఉంటుంది. చక్రానికీ పలకకూ మధ్య సందు కూడా అంతే తగ్గుతుంది; దాని సంగతి కింది ఉత్తరంలో ఉంది. మణికట్టుకు రక్షణ తొడుగులు, తలకు హెల్మెట్ పెట్టుకోండి. ఆ మాట ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ప్రశ్న: నా బరువు 82 కిలోలు. మా పెదనాన్న గారి కల్యాణ మండపం ఖాళీగా ఉన్న రోజుల్లో అక్కడే సర్ఫ్‌స్కేట్ ఆడతాను. నేల పాలిష్ పట్టిన కడప బండలు. 75 మి.మీ., 77ఎ చక్రాలు కొన్నాను. బోర్డు బురదలో నడిచినట్టుంది. గట్టిగా మలుపు తిప్పితే ముందు చక్రం పలకకు రాసుకుని టక్కున ఆగుతోంది. రైజర్ అనే దిమ్మ వేయమంటున్నారు. వేయాలా?
— ఒక విద్యార్థి, కడప

జవాబు: నాయనా, మీకు కావలసింది పై ఉత్తరంలోని అమ్మాయికి చెప్పినదానికి పూర్తిగా ఎదురు. అద్దంలాంటి నేల మీద మెత్తటి చక్రానికి మింగడానికి రాయే లేదు. మీ 82 కిలోలకు అణిగి మిమ్మల్ని వెనక్కి లాగడం తప్ప అది చేసే పని లేదు. 65 లేదా 66 మి.మీ., 82ఎ లేదా 83ఎ పెట్టండి. వ్యాసం తక్కువైతే ఒక్క ఊపుకే బండి కదులుతుంది, మండపం నాలుగు గోడల మధ్య అదే కావాలి.

రాసుకోవడం చిన్న విషయం కాదు. వేగంలో ఉండగా చక్రం పలకకు పట్టుకుంటే మనిషి ఎగిరి పడతాడు. ట్రక్ కింద రైజర్ దిమ్మ వేస్తే సందు పెరుగుతుంది నిజమే. 3 మి.మీ.వీ 6 మి.మీ.వీ దొరుకుతాయి, వాటికి పొడవాటి బోల్టులు కూడా కొనాలి. అయితే పలక ఎత్తు పెరిగి నిలకడ తగ్గుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. చక్రం 75 నుంచి 66కి దిగితే దిమ్మ లేకుండానే సందు నాలుగున్నర మి.మీ. పెరుగుతుంది, బోర్డూ అంతే కిందికి దిగుతుంది.

కొత్తవి బిగించాక తగులుతుందో లేదో తేల్చుకోవడానికి చక్రాల పైభాగానికి తడి పసుపు రాయండి. బోర్డును నేల మీద పెట్టి, ఒక పక్క అంచు మీద బరువంతా వేసి వంచండి. తరువాత రెండో పక్క. తిరగేసి చూసినప్పుడు పలక అడుగున పసుపు అంటితే ఇంకా తగులుతున్నట్టే. కల్యాణ మండపంలో పసుపుకు కరువుండదు కదా.

పెళ్ళి జరిగిన మరునాడు మాత్రం నేల పూర్తిగా ఊడ్పించాకే ఎక్కండి. పాలిష్ బండ మీద అక్షింతల గింజలు పరచుకుని ఉంటే ఎంత పట్టున్న చక్రమైనా జారుతుంది. సన్నటి దుమ్ము కూడా అంతే. ఆట ముగిశాక చక్రాలను తడిగుడ్డతో తుడిస్తే పట్టు తిరిగి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి కొత్త చక్రాలతో పాటు ఏబెక్ 11 బేరింగులు కావాలని పట్టుబడుతున్నాడు. పాతవి వేలితో తిప్పితే ఎక్కువసేపు తిరగడం లేదట. ఈలోగా కొబ్బరి నూనె వేశాను. తప్పా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: తప్పే సార్. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం సీసాలో ఏమవుతుందో బేరింగులోనూ అదే అవుతుంది. మిగతా రోజుల్లో దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

ఏబెక్ అంకె బేరింగు తయారీలో కొలతలు ఎంత ఖచ్చితంగా ఉన్నాయో చెబుతుంది, అంతే. పక్కనుంచి పడే తోపునూ, మన ఊరి దుమ్మునూ ఎంత తట్టుకుంటుందో చెప్పదు. 70 మి.మీ. చక్రం గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి తిరిగేది సుమారు 1,140 చుట్లు. స్కేట్ చక్రాల్లో వేసే 608 అనే మామూలు బేరింగు నిమిషానికి 20 వేల చుట్లకు పైగా తట్టుకుంటుంది. మీ అబ్బాయి ఎంత ఊగినా దానికి చెమట పట్టదు. వేలితో తిప్పి చూడటం కూడా సరైన పరీక్ష కాదు. నిండా గ్రీసు ఉన్న బేరింగు చేతిలో తొందరగా ఆగుతుంది, మనిషి ఎక్కితే హాయిగా నడుస్తుంది.

పాతవి తీసేసి రబ్బరు సీలు ఉన్న 608 వేయించండి. లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. దాదాపు అన్ని స్కేట్ చక్రాలకూ ఇదే కొలత. ఒక చక్రంలోని రెండు బేరింగుల మధ్య 10 మి.మీ. స్పేసర్ గొట్టం ఉందో లేదో చూడండి. అది లేకుండా నట్టు బిగిస్తే బేరింగులు పక్కకు నొక్కుకుపోతాయి, ఆ తరువాత ఏ నూనె వేసినా తిరగవు. బేరింగును చక్రంలోకి సుత్తితో కొట్టకండి. ఇరుసు మీద పెట్టి అరచేతితో నొక్కితే టక్‌మని కూర్చుంటుంది. రోకలిబండతో కొట్టి పగలగొట్టి, సరుకు బాగాలేదని వాపసు తెచ్చిన పెద్దమనిషి ఒకాయన మా దుకాణానికి ఇప్పటికీ వస్తుంటాడు.

నాలుగు చక్రాలకు ఎనిమిది కావాలి. తొమ్మిది కొనండి. మార్చేటప్పుడు ఒకటి ఎలాగూ మురుగుకాలువలోకి దొర్లుతుంది.