సెకండ్ హ్యాండ్ కుర్చీలు ఊగుతుంటే మేకులు కొట్టకండి

కొత్తింటికి కొన్న నాలుగు పాత చెక్క కుర్చీలూ ఊగుతున్నాయి, మేకులు కొట్టినా ఆగలేదు అన్నారు కదండీ. ఇక మేకులు వద్దు, చెక్క చీలిపోతుంది. అసలు లోపం అతుకుల్లో ఎండిపోయిన పాత జిగురుది. దాని మీద కొత్త జిగురు పోసినా నిలవదు, చెక్క పోగుల్లోకి ఇంకితేనే పట్టు.

కొట్టిన మేకులు పీకేసి, ఏ కాలు ఎక్కడిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వదులైన అతుకులను మాత్రమే, గుడ్డ చుట్టిన సుత్తితో మెల్లగా తట్టి విడదీయండి. గట్టిగా ఉన్నవాటి జోలికి పోవద్దు. అడ్డకర్ర కొస మీద గాజులా మెరిసే పొరే పాత జిగురు. గోరువెచ్చని వెనిగర్ రాస్తే చాలావరకు మెత్తబడుతుంది. గీకేసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత కొసకీ, బెజ్జం లోపలి గోడలకీ చెక్కకు వాడే తెల్ల జిగురు రాసి బిగించండి. కాళ్ల చుట్టూ తాడు రెండు చుట్లు కట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పండి. నాలుగు కాళ్లూ చదునైన నేలకు ఆనుతున్నాయా అన్నది అప్పుడే చూసుకోవాలి, ఆరాక సరిచేయలేరు. 24 గంటలు ఎవరినీ కూర్చోనివ్వకండి.

స్క్రూ ఊరికే తిరుగుతుంటే, మందు తీసేసిన అగ్గిపుల్లలు రెండు మూడు జిగురులో ముంచి ఆ రంధ్రంలో దూర్చి, ఆరాక బిగించండి.

అన్నట్టు, విడదీసినప్పుడే సందుల్లో నల్ల చుక్కలున్నాయేమో టార్చ్ వేసి చూడండి. నల్లులు ఉన్నచోట అవే కనిపిస్తాయి.