చిన్న మడుగుల్లో ట్రౌట్ చేపను పట్టడానికి ఒక్క నింఫ్ సరిపోతుందా?

సరిపోతుంది. నింఫ్ అంటే నీటిపురుగు పిల్లను పోలిన ఎర; నేనైతే ఒక్కటే కడతాను. హిమాచల్‌లోని తీర్థన్ లాంటి నదుల్లో బండల మధ్య మడుగులు ఇరుకు. ఈ ఎరలు రెండు కడితే దారం చిక్కుపడటమే ఎక్కువ.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలుస్తుంది. అందుకే దిగువ నుంచి, వంగి, నెమ్మదిగా వెళ్లండి. మొదట మడుగు దిగువ చివర వేయండి, తర్వాతే ఎగువన నీళ్లు దూకేచోట. ముందే ఎగువకు విసిరితే దిగువనున్న చేప బెదిరి ఎగువకు పరుగెడుతుంది, మిగతావీ దాక్కుంటాయి. ఈ తొందరే చాలామంది చేసే తప్పు.

బరువైన టంగ్‌స్టన్ లోహపు పూస ఉన్న నింఫ్ త్వరగా అడుగుకు చేరుతుంది. రాడ్ ఎత్తిపట్టి, దారం వీలైనంత తక్కువగా నీటిని తాకేలా చూస్తూ, ప్రవాహం వేగంతోనే రానివ్వండి. దారం కాస్త ఆగినా చేప ఎరను పట్టి ఉండొచ్చు, వెంటనే రాడ్ లేపండి.

హిమాచల్‌లో ట్రౌట్ వేటకు మత్స్యశాఖ లైసెన్స్ తప్పనిసరి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం.