పాత మేనేజర్ మాటిచ్చి వెళ్లిపోతే...

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ టెస్టింగ్ టీమ్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. ఈసారి ప్రమోషన్‌కు నా పేరు రాస్తానని నోటిమాటగా చెప్పిన మేనేజర్ జనవరిలో వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయారు. కొత్తాయన రోజుకు రెండు మూడుసార్లు 'ఎంతవరకు వచ్చింది' అని అడుగుతున్నారు. మార్చితో అప్రైజల్ ఏడాది అయిపోతుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: ముందు పాత మేనేజర్ సంగతి చూడండి, దానికి ఎక్కువ టైం లేదు. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా 9 నెలల మీ పని చూసింది ఆయన. రేటింగ్ వేసేది మాత్రం 3 నెలలే చూసిన మనిషి. రాతలో ఏమీ లేకపోతే ఈయన మధ్యరకం రేటింగ్ వేసి ఊరుకునే ప్రమాదం ఉంది. తనకు తెలియని పని గురించి రేటింగ్ మీటింగులో ఎవరైనా ఎలా వాదిస్తారు?

ఈ వారమే పాతాయనకు మెయిల్ పెట్టండి. 'ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి సార్' అని ఊరికే అడిగితే రెండు పొగడ్తలు వస్తాయి, అవి పనికిరావు. మీరే ఐదారు లైన్లు రాసివ్వండి: ఏ రిలీజ్, మీరేం చేశారు, దానివల్ల ఏం తగ్గింది. 'అక్టోబరు రిలీజ్‌లో రిగ్రెషన్ టెస్టులు ఆటోమేట్ చేశాను, 4 రోజుల పని ఒకటిన్నర రోజుకు వచ్చింది' అన్నట్టు. సరిచూసి, కొత్త మేనేజర్‌ను సీసీలో పెట్టి జవాబివ్వమనండి. ప్రమోషన్ మాట కూడా అందులో ఒక వాక్యంగా ఉండాలి, మొహమాటపడకండి.

ఇక పదేపదే అడగడం. దాన్ని అనుమానం అనుకోకండి. పైవాళ్లు అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఇంకా ఏమీ లేదు. ఆయన అడిగేలోపే సాయంత్రం నాలుగు లైన్లు పంపండి: ఏది అయింది, ఏది నడుస్తోంది, ఎక్కడ ఆగింది, ఆయన నుంచి ఏం కావాలి. మూడోది దాచారంటే, అది బయటపడిన రోజు నుంచి ప్రశ్నలు రెట్టింపవుతాయి. రెండు వారాలు తప్పకుండా పంపాక, 'ఇకపై సోమ, గురువారాలు పంపితే సరిపోతుందా?' అని అడగండి.

'ఇంతకుముందు ఇలా చేసేవాళ్లం కాదు' అని టీమ్ ముందు మాత్రం అనొద్దు. పాత పద్ధతికి కారణం ఉంటే విడిగా చెప్పండి.

ప్రశ్న: మేనేజర్ మారాక నా లీవ్ అప్రూవ్ కావట్లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పోర్టల్‌లో మీ ప్రొఫైల్ తెరిచి రిపోర్టింగ్ మేనేజర్‌గా ఎవరి పేరుందో చూడండి. పాత పేరే ఉంటే హెచ్‌ఆర్‌కు టికెట్ వేయండి. పేరు మారినా, ముందే పెట్టిన లీవ్ కొన్ని పోర్టళ్లలో పాతాయన దగ్గరే ఉండిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టాలి. ఇంటి నుంచి పనిచేసే అనుమతి నోటిమాటదైతే అదీ మెయిల్‌లో మళ్లీ తీసుకోండి.