ఊడిన ఉదరం

అమ్మలూ,

అకెరాన్షియా అనే, రాత్రిపూట ఎగిరే చిమ్మటల మీద పని మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంబరం ఎంతో, గుబులూ అంతే.

స్ఫింజిడే కుటుంబంలో ఇది చిన్న ప్రజాతి. అట్రోపోస్, స్టిక్స్, లాకెసిస్, అంతే, మూడు జాతులు. ఉరం, అంటే ఛాతీ భాగం మీది పుర్రె బొమ్మతో ప్రజాతిని ఎవరైనా పోల్చుకుంటారు. లాకెసిస్‌కి వెనక రెక్క మొదట్లో పెద్ద నల్లమచ్చ ఉంటుంది. మిగతా రెండింటినీ తిరగేసి చూడాల్సిందే. స్టిక్స్‌కి ముందు రెక్క అడుగున సాధారణంగా రెండు పట్టీలు, అట్రోపోస్‌కి ఒకటే. స్టిక్స్ ఉదరం అడుగున నల్లపట్టీలు మామూలుగా కనిపించవు.

ఆ ఉదరం దగ్గరే నేను తప్పు చేశాను. నీ వయసులో ఉండగా, నా చేయి తగిలి రెండు నమూనాల ఉదరాలు ఊడి పెట్టెలో పడ్డాయి. తెల్లారితే గురువుగారికి చూపించాలి. ఏది దేనిదో తెలియదు. సైజు చూసి జిగురుతో అంటించేశాను, ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు ఒకాయన ఆ పెట్టె చూసి, ఉదరం అడుగున పట్టీలున్న స్టిక్స్ దొరికిందని ఎంతో ఆశగా కొలతలు రాసుకున్నాడు. ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు. వారం తర్వాత వెళ్లి చెప్పాను. ఆయన ఒక్క మాటా అనకుండా కాగితాల మీద రాసుకున్న ఆ కొలతలకు అడ్డగీత గీసేశాడు. జాతిని గట్టిగా తేల్చే జననాంగాలు ఉండేది ఉదరంలోనే కదా. ఆ రెండు నమూనాలూ ఇక దేనికీ సాక్ష్యం కాలేదు.

నీకు ఊడితే అంటించకు. చిన్న గొట్టంలో వేసి అదే సూదికి గుచ్చు. ఏది దేనిదో తెలియకపోతే తెలియదనే చీటీ మీద రాయి. చీటీలు సాయంత్రం ఒకేసారి రాస్తున్నావట! ఎన్నిసార్లు చెప్పాను తల్లీ? ఎక్కడ, ఎప్పుడు దొరికిందో అప్పటికప్పుడే రాయాలి.

చిమ్మటల రెక్కల పొలుసుల ధూళితో నాకు ఏళ్ల తరబడి ఆయాసం. మాస్కు లేకుండా పెట్టె తెరవకు.

చిన్నప్పుడు ఈ చిమ్మట కీచుమంటే నా చొక్కాలో తల దాచుకున్నావు, గుర్తుందా? గొంతులోకి గాలి లాగి వదిలితే వచ్చే కూత అది. తేనెపట్టును పొడిచే ఆ పొట్టి, మందపాటి తుండాన్ని చూపించాకే ఏడుపు ఆపావు. ఆ పిల్లేనా ఇప్పుడు వాటి వర్గీకరణ రాయబోయేది!

మొదటి నమూనా సర్దగానే అడుగువైపు ఫొటో పంపు. పైవైపుది తర్వాత చూస్తాను.

మీ పెదనాన్న