1962 మీద కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. చైనా యుద్ధం రోజుల్లో కందుకూరు కమ్యూనిస్టు మాస్టారిని అర్ధరాత్రి పోలీసులు తీసుకుపోయే ఘట్టం బాగా రాశావు. ఆయన భార్య చీకట్లో చెప్పుల కోసం తడుముకోవడం నా కళ్ల ముందే ఉంది. ఆ తర్వాతే పట్టు తప్పింది.

ముందు చిన్న సంగతి. కందుకూరును ప్రకాశం జిల్లా అన్నావు. ఆ జిల్లా పుట్టింది 1970లో. 1962లో కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఇది దిద్దుకోవడం సులభం. కోర్టు ఘట్టాన్ని మాత్రం మొత్తంగా తీసెయ్యి. అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నవంబరు 3 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో, భారత రక్షణ ఆర్డినెన్సు (తర్వాత చట్టమైంది) కింద పట్టుబడినవారు వ్యక్తి స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కే హక్కే నిలిచిపోయింది. నేరం మోపరు, విచారణ జరపరు. ఏ నేరమో చెప్పనప్పుడు నిర్దోషినని ఎవరి ముందు, ఎలా నిరూపించుకోవాలి? నీ కథలోని అసలు భయం ఇదే. వకీలును తెచ్చి దాన్ని చెరిపేశావు. నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించినా అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా సాగింది.

మాస్టారిని పట్టించినవాణ్ణి పరమ దుర్మార్గుణ్ణి చేశావు. నాకు నచ్చలేదు. ఈశాన్య సరిహద్దులోని బొమ్దిలా చైనా చేతికి పోయిందని రేడియోలో విన్న జనం నిజంగానే భయపడ్డారు. రక్షణ నిధికి ఒంటిమీది బంగారం తీసి ఇచ్చారు. అలా గాజులిచ్చిన చేతితోనే ఒక ఆకాశరామన్న ఉత్తరం రాయించి చూడు. కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నవంబరు ఆరంభంలోనే చైనా దాడిని ఖండించింది. అయినా అరెస్టులు ఆగలేదు. మన అలగానిపాడు బిడ్డ, అప్పటి శాసనసభ్యుడు పుచ్చలపల్లి సుందరయ్యనే నిర్బంధించారంటే ఊరి మాస్టారి మాట ఎవరు వింటారు?

దేవలీ శిబిరం గురించి కూడా చదువు. అస్సాంలోని మాకుం వంటి ఊళ్లలో స్థిరపడినవారితో సహా సుమారు 3,000 మంది చైనా సంతతివారిని, పసిపిల్లలనూ వదలకుండా, రాజస్థాన్‌లోని ఆ శిబిరంలో పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వారు మన కమ్యూనిస్టులను బంధించిందీ అక్కడే. మాస్టారికి ఈ సంగతి తెలుసనుకో. తనను తాను నమ్మిన సిద్ధాంతం కోసం పట్టుకున్నారు, వాళ్లను పుట్టుక చూసి పట్టుకున్నారు. జైల్లో ఆయన ఏమనుకుంటాడో రాయి. నాకైతే ఆ పేజీ చదవాలని ఉంది.

కందుకూరు, కావలి వైపు అలా అరెస్టయినవారి ఇళ్లు ఉంటే, అక్కడి వృద్ధ స్త్రీలను అడుగు. ములాఖత్‌కు ఎవరు తోడు వెళ్లారు, బడిలో పిల్లలను ఏమన్నారు, కొట్టువాడు అప్పు ఇచ్చాడా, ఎవరు పలకరించడం మానేశారు. వాళ్లు చెప్పింది విన్నాక కథ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
నెల్లూరు నుంచి, మీ పెద్దమ్మ