వెలోసెట్ వెనమ్ నడపదగిన బండేనా? క్లచ్ సంగతి తెలిస్తే నిస్సందేహంగా

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ మోటార్‌సైకిల్‌ను బాగుచేసుకుని నిజంగా రోడ్డు మీద తిప్పవచ్చా, లేక అది షెడ్డులో పెట్టి చూసుకోవడానికేనా అని మీరు అడిగారు. నిస్సందేహంగా తిప్పవచ్చు. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, 499 సీసీ వెలోసెట్ వెనమ్‌ను పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, ఇప్పటికీ దాని మీద తిరుగుతున్న వ్యక్తిగా ఈ మాట చెబుతున్నాను. ఈ బళ్లు మొండివనీ, ముఖ్యంగా వాటి క్లచ్ ఎందుకూ పనికిరాదనీ ప్రచారంలో ఉన్న మాట అన్యాయమైనది. ఆ చెడ్డపేరు తెచ్చింది బండి కాదు, తయారుచేసినవారి ఆలోచన ఏమిటో తెలుసుకోకుండా దాని మీద స్పానర్ వేసినవాళ్లు.

నేను కొన్ననాడు ఇంజిన్ చక్కగానే తిరిగేది గాని, క్లచ్ మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు జారేది, సిగ్నల్ దగ్గర ఆగితే పూర్తిగా విడవక బండిని ముందుకు లాగేది. అంతకుముందు ఏదో వర్క్‌షాపులో కేబుల్‌ను ఎటుపడితే అటు సవరించి, అదీ కుదరక గట్టి స్ప్రింగులు వేసి పంపారు. దాంతో లీవర్ నొక్కితే మణికట్టు నొప్పి పుట్టేది. జీవితమంతా వెలోసెట్లతో గడిపిన ఒక పెద్దాయన ఓ శనివారం మా ఇంటికి వచ్చి, ముందు ఆ స్ప్రింగులు తీయించి పాత కొలతవే వేయించారు. తరువాత కేబుల్‌ను పూర్తిగా వదులు చేసి, గేర్‌బాక్స్ ఎడమవైపున ఉన్న చిన్న కవర్ విప్పి, వెనుక చైన్‌ను నడిపే స్ప్రాకెట్ (పళ్ల చక్రం) లోని రంధ్రం గుండా ఒక సన్నని ఇనుప పుల్లను దూర్చి, లోపల స్ప్రింగులను పట్టి ఉంచే పళ్లానికి తగిలించారు. ఇక వెనుక చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పమని నాకు చెప్పారు. చక్రం తిరిగినకొద్దీ ఆ పళ్లెం మరచుట్ల మీద కదిలి క్లచ్ సర్దుకుంటుంది. కేబుల్ పని చివర్లో కొద్దిపాటి వదులు ఉంచడం వరకే. మధ్యాహ్న భోజనం వేళకు లీవర్ రెండు వేళ్లకు లొంగింది. ఆ తరువాత అది నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇంత వింత ఏర్పాటు ఎందుకంటే, చాలా బళ్లలో వెనుక చైన్ లోపలివైపూ క్లచ్ బయటివైపూ ఉంటే, వెలోసెట్‌లో అది తలకిందులుగా ఉంటుంది. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే చైన్‌ను క్రాంక్‌కేస్‌కు, అంటే ఇంజిన్ అడుగు పెట్టెకు, వీలైనంత దగ్గరగా పెడితే బేరింగ్ మీద వంపు భారం తగ్గుతుంది, వెనుక చైన్‌ను నడిపే స్ప్రాకెట్ బయటే ఉంటే రేసు మార్గాన్ని బట్టి దాన్ని సులువుగా మార్చుకోవచ్చు. అందుకోసం క్లచ్ ఇరుకు చోటులో సన్నగా ఇమడవలసి వచ్చింది, పలకల కదలిక చాలా తక్కువైంది, అందుకే సవరింపు కచ్చితంగా ఉండాలి. బుల్లెట్ మీద చేయి తిరిగిన మెకానిక్ ఎంత నేర్పరి అయినా, ఈ ఒక్క విషయం తెలియకపోతే దీన్ని పాడుచేస్తాడు.

ఈ పట్టుదల ఒక కుటుంబానిది. జర్మనీ నుంచి వచ్చిన యోహానెస్ గూట్‌గెమాన్ ఇంగ్లండ్‌లో జాన్ టేలర్‌గా, చివరికి గుడ్‌మన్‌గా పేరు మార్చుకుని స్థాపించిన, వెలోసెట్ బళ్లు తయారుచేసిన వెలోస్ సంస్థను కొడుకులు పెర్సీ, యూజీన్, ఆపైన మనవలు నడిపారు. బర్మింగ్‌హామ్ హాల్ గ్రీన్‌లోని వారి ఫ్యాక్టరీ పెద్ద కంపెనీల ముందు చాలా చిన్నది. అయినా 1926లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే జూనియర్ టీటీ మోటార్‌సైకిల్ రేసును ఆలెక్ బెనెట్ వారి 350 సీసీ బండి మీద పది నిమిషాలకు పైగా తేడాతో గెలిచారు. వారి ఇంజనీరు హెరాల్డ్ విలిస్ స్ట్రోబోస్కోప్ అనే, వేగంగా మినుకుమనే దీపం వెలుగులో తిరుగుతున్న ఇంజిన్ వాల్వుల కదలికను కళ్లారా చూసి లోపాలు సరిదిద్దిన మనిషి. కాలితో గేరు మార్చాక పెడల్ తిరిగి మధ్యకు వచ్చే ఏర్పాటును మోటార్‌సైకిల్‌కు తెచ్చింది కూడా ఆయనే. ఈరోజు మన ఊళ్లలో తిరిగే, కాలితో గేరు మార్చే మోటార్‌సైకిళ్లు ఆయనకు రుణపడి ఉన్నాయి. ఆ పేరు మనలో ఎవరికీ తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

1961 మార్చిలో ఫ్రాన్స్‌లోని మోంట్‌లేరీ ట్రాక్ మీద ఒక వెనమ్ 24 గంటల పాటు గంటకు సగటున 100.05 మైళ్ల వేగంతో, అంటే సుమారు 161 కిలోమీటర్లతో పరుగెత్తింది. ఏ పరిమాణపు మోటార్‌సైకిల్ అయినా రోజంతా నూరు మైళ్ల సగటును దాటడం అదే మొదటిసారి. నడిపిన జట్టులో స్థాపకుడి మనవడు బెర్టీ గుడ్‌మన్ కూడా ఉన్నారు. తమ బండి మీద తామే ఎక్కి రికార్డుకు పూనుకునే యజమానులున్న సంస్థ పాతకాలపు స్పోర్ట్స్ బళ్లు పట్టుకుని వేలాడటం వల్ల మూతపడిందని కొందరు రాస్తుంటే నేను ఒప్పుకోను. 1948లో సామాన్యుల కోసం తెచ్చిన నీటితో చల్లబడే ఇంజిన్ గల ఎల్‌ఈ బండికి యంత్రసామగ్రి మీద పెట్టిన భారీ పెట్టుబడి ఆశించినంతగా తిరిగి రాలేదు. 1960 నాటి వైస్‌రాయ్ స్కూటర్ అసలే అమ్ముడుపోలేదు. 1971లో ఫ్యాక్టరీ మూతపడటానికి ఆ రెండే ముఖ్య కారణాలని నా దృఢమైన అభిప్రాయం. వెనమ్, దాని మరింత వేగమైన రూపమైన థ్రక్స్‌టన్ మాత్రం సంస్థ పరువు నిలిపిన బళ్లు.

మీరు నిజంగా కొనదలిస్తే నల్లరంగు మీద బంగారు గీతలున్న, కొద్దిగా వాడిక కనిపించే వెనమ్‌ను చూడండి. తయారైననాడు లేని చోట్ల కూడా క్రోమ్ పూసి అద్దంలా మెరిపించిన బండిని వదిలేయండి. ఆ మెరుపు కింద క్లచ్‌ను ఎవరూ ముట్టుకుని ఉండరు. 1965 నుంచి వచ్చిన థ్రక్స్‌టన్ మరింత వేగమైనదే గాని, తయారైనవి తక్కువ కావడంతో ధర చాలా ఎక్కువ, పైగా వెనమ్‌కే ఆ భాగాలు బిగించి థ్రక్స్‌టన్ అని అమ్మేవారున్నారు. అసలు థ్రక్స్‌టన్ ఇంజిన్ నంబరు ముందు వీఎంటీ అనే అక్షరాలుంటాయి, వెనమ్‌కు వీఎం మాత్రమే ఉంటుంది. బేరం మాట్లాడే ముందే మోకాళ్ల మీద కూర్చుని ఆ నంబరు చదవండి, ఆ తరువాత ఇంజిన్ వేడెక్కేదాకా నడిపించి, గేరులో ఉంచి క్లచ్ లీవర్ పట్టుకుని బండి కదలకుండా నిలుస్తుందో లేదో చూడండి.